రెండు నెట్ కనెక్షన్లు కలిపితే వేగం రెట్టింపవుతుందా?

మొన్న పదో తరగతిలో విద్యుత్తు పాఠం చెబుతున్నాను. రెండు నిరోధాలను సమాంతరంగా కలిపితే విద్యుత్తుకు రెండు దారులు దొరుకుతాయి, అందుచేత మొత్తం ప్రవాహం పెరుగుతుంది అని నల్లబల్ల మీద లెక్క వేస్తున్నాను. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు.

“మాస్టారూ, మరి ఇంటర్నెట్టుకు ఈ సూత్రం ఎందుకు పనిచెయ్యదండీ?”

“ఎందుకొచ్చిందిరా ఆ సందేహం?” అన్నాను.

“మా ఇంట్లో సెకనుకు 40 మెగాబిట్ల కనెక్షను ఉంది. అక్క ఆన్‌లైన్ క్లాసు మాటిమాటికీ ఆగిపోతోందని నేనే నాన్నగారికి చెప్పి ఇంకో కంపెనీ కనెక్షను పెట్టించాను. అదీ 40దే. రెండు తీగెలూ పెట్టుకొనే రూటరు కూడా కొన్నాం. 80 వస్తుందని చెప్పాను. ఒక పెద్ద ఫైలు డౌన్‌లోడు చేసి చూస్తే పాత 40యే వస్తోందండీ. నీ మాట విని నెలనెలా డబ్బు తగలేస్తున్నాం అంటున్నారు నాన్నగారు.”

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ కుర్రాడి తర్కంలో తప్పులేదు; పోలికలోనే తప్పుంది. చెబుదామనుకునేలోగా గంట కొట్టేశారు. అక్కడ చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ రాస్తున్నాను. మీలో కూడా చాలామందికి ఇదే సందేహం ఉండి ఉంటుంది.

నీళ్ళు కాదు, ఉత్తరాలు

రెండు కొళాయిల కింద ఒక తొట్టి పెడితే సగంసేపట్లో నిండుతుంది. ఈ కొళాయి నీటి చుక్కకూ ఆ కొళాయి నీటి చుక్కకూ తేడా లేదు. ఏది ముందు పడినా, ఏది వెనక పడినా తొట్టికి ఒకటే. తీగెలో ఎలక్ట్రాన్లూ అంతే. అందుకే సమాంతర సూత్రం అక్కడ చక్కగా పనిచేస్తుంది.

ఇంటర్నెట్టులో ప్రయాణించేది అలాంటి సరుకు కాదు. మీరు ఒక ఫోటో పంపారనుకోండి. దాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను విడిగా పంపుతారు. ఈ ముక్కను ప్యాకెట్ అంటారు, అంటే పొట్లం. 1960లలో అమెరికాలో పాల్ బారన్, బ్రిటన్‌లో డోనాల్డ్ డేవిస్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఈ ఆలోచన చేశారు. ప్యాకెట్ అనే పేరు మాత్రం డేవిస్ పెట్టినదే. మన ఇళ్ళలో తిరిగే ప్యాకెట్ సాధారణంగా 1500 బైట్లకు మించదు. 30 లక్షల బైట్ల ఫోటో అయితే రెండు వేలకు పైగా పొట్లాలవుతుంది.

ఒక పుస్తకాన్ని పేజీలుగా విడదీసి, పేజీకొక కవరు చొప్పున పోస్టు చేసినట్టు ఊహించండి. ప్రతి కవరు మీద మూడు సంగతులు ఉండాలి. ఎవరు పంపారు, ఎవరికి పంపారు, ఇది ఎన్నో పేజీ. అందుకున్నవాడు పేజీలను వరుసలో పేర్చుకొంటూ “ఫలానా పేజీ దాకా అందినవి” అని తిరుగు కార్డు రాస్తూ ఉంటాడు. కార్డు రాకపోతే పంపినవాడు ఆ పేజీని మళ్ళీ పంపుతాడు. ఈ ఏర్పాటునే టీసీపీ అంటారు. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ అనే ఇద్దరు 1974లో ప్రకటించిన వ్యాసంలో దీనికి పునాది పడింది.

ఇప్పుడు మన కుర్రాడి ఇంటికి వద్దాం. రెండు కంపెనీల తీగెలు వచ్చాయంటే, ఆ ఇంటికి రెండు వీధులలోకి రెండు గుమ్మాలున్నాయన్నమాట. తూర్పు గుమ్మానికి ఒక డోరు నంబరు, పడమటి గుమ్మానికి వేరొక డోరు నంబరు. ఈ డోరు నంబర్లనే ఐపీ చిరునామాలంటారు. ఏ కంపెనీ చిరునామా ఆ కంపెనీ ఇస్తుంది.

ఇంట్లో ఫోన్లు, కంప్యూటర్లు ఎన్ని ఉన్నా బయటి లోకానికి కనిపించేది గుమ్మం నంబరే. ఎందుకంటే పాత పద్ధతి చిరునామాలో 32 బిట్లే ఉంటాయి. 2ను 32 సార్లు హెచ్చిస్తే వచ్చేది 429 కోట్ల చిల్లర. భూమి మీద జనమే 800 కోట్లు దాటారు, ఇక ప్రతి ఫోనుకూ ఒక నంబరు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని రూటరు వీధి అరుగు మీద కూర్చున్న తాతగారిలా ఒక చిట్టా రాసుకొంటుంది. లోపలి నుంచి ఎవరు ఏ ఉత్తరం ఇచ్చినా దాని మీద గుమ్మం నంబరు వేసి పంపుతుంది. జవాబు వచ్చాక చిట్టా చూసి ఎవరిది వాళ్ళకు అందిస్తుంది. 128 బిట్ల కొత్త చిరునామాలు వచ్చాక ఈ కొరత తీరింది గాని, రెండు కంపెనీల చిరునామాలు వేరువేరుగా ఉండటం మాత్రం మారలేదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. మీరు తూర్పు గుమ్మంలోంచి ఒక సర్వరుకు “ఫలానా ఫైలు పంపండి” అని రాశారు. పేజీలన్నీ తూర్పు గుమ్మానికే వస్తాయి. సర్వరుకు మీ పడమటి గుమ్మం ఒకటి ఉందని తెలియనే తెలియదు. పోనీ, మధ్యలో పడమటి గుమ్మంలోంచి “కొన్ని పేజీలు ఇటు పంపండి” అని రాస్తే? ఆ ఉత్తరం మీద వేరే నంబరు ఉంది కాబట్టి ఇదెవరో పరాయి మనిషి అనుకొంటుంది. టీసీపీలో ఒక సంభాషణను గుర్తుపట్టేది నాలుగు సంఖ్యలతో: పంపేవారి చిరునామా, వారి పోర్టు సంఖ్య, అందుకొనేవారి చిరునామా, వారి పోర్టు సంఖ్య. నాలుగింటిలో ఒకటి మారినా అది ఆ సంభాషణ కాదు. ఇంత పట్టుదల ఎందుకంటారేమో! ఇది లేకపోతే మీ నాన్నగారు బ్యాంకుతో జరిపే ఉత్తరాల మధ్య దారిన పోయేవాడు తన కాగితం ఒకటి దూర్చెయ్యడం సులువైపోతుంది.

ఇంకొక తెలివైన ఉపాయం తోచవచ్చు. ఉత్తరం మీద తూర్పు నంబరే వేసి, పడమటి వీధి పోస్టుడబ్బాలో పడేస్తేనో? పడమటి కంపెనీ దాన్ని పారేస్తుంది, పారెయ్యాలి కూడా. తాను ఇవ్వని చిరునామాతో తన దారిలోకి వచ్చే పొట్లాలను ఆపెయ్యాలని 2000లోనే ఇంటర్నెట్ నిపుణులు కంపెనీలకు గట్టిగా సిఫారసు చేశారు. దొంగ చిరునామాలతో సర్వర్ల మీద దాడులు చేసేవాళ్ళను అరికట్టడానికి అది అవసరమైంది.

మరి ఆ రూటరు చేసేదేమిటి?

రైల్వే స్టేషనులో టిక్కెట్ల కౌంటరు ఒకటే ఉందనుకోండి, క్యూ బారెడు పెరుగుతుంది. రెండో కౌంటరు తెరిస్తే క్యూ సగమవుతుంది. కాని కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషికి టిక్కెట్టు ఇవ్వడానికి పట్టే కాలం మాత్రం తగ్గదు. ఒక మనిషి రెండు కౌంటర్ల దగ్గర సగం సగం నిలబడలేడు గదా!

రెండు తీగెల రూటరు చేసేదీ ఇదే. ఇంట్లో మొదలయ్యే ఒక్కొక్క సంభాషణను ఒక్కొక్క గుమ్మానికి పంచుతుంది. అక్క క్లాసు తూర్పున, నాన్నగారి సినిమా పడమట. ఇద్దరూ కలిసి 80 మెగాబిట్ల దాకా వాడుకోవచ్చు. ఒక్క ఫైలును ఒక్క సంభాషణలో దించుకొంటే మాత్రం 40 దాటదు. మన కుర్రాడు చేసిన పరీక్ష రెండోది. అతడు రెండు కంప్యూటర్లలో రెండు ఫైళ్ళు ఒకేసారి దించి చూసి ఉంటే తండ్రి దగ్గర మాట దక్కేది!

ఒక సంగతి చెప్పాలి. కొన్ని డౌన్‌లోడు ప్రోగ్రాములు ఒకే ఫైలు కోసం నాలుగైదు సంభాషణలు తెరిచి, తలా ఒక భాగం తెప్పించి, చివర అతికిస్తాయి. వేగం కొలిచే సైట్లు కూడా చాలావరకు అలాగే ఒకేసారి ఎన్నో సంభాషణలు తెరుస్తాయి. అక్కడ 80 కనిపించవచ్చు. దుకాణదారు ఆ అంకె చూపించి రూటరు అమ్మితే అబద్ధమాడాడని అనలేం. పూర్తి నిజం చెప్పలేదని మాత్రం అనవచ్చు.

ఈ పంపకంలో ఒక ఇబ్బంది కూడా ఉంది. బ్యాంకు సైటులో లాగిన్ అయినప్పుడు ఒక పేజీ తూర్పు గుమ్మంలోంచి, తర్వాతి పేజీ పడమటి గుమ్మంలోంచి వెళ్తే, బ్యాంకు అనుమానపడి బయటికి పంపేయవచ్చు. అందుకని మంచి రూటర్లలో “ఈ కంప్యూటరు ఎప్పుడూ ఈ గుమ్మమే వాడాలి” అని నియమం పెట్టుకొనే వీలుంటుంది.

ఒకే కాడికి గుర్రం, గేదె

ఒక్క సంభాషణనే రెండు తీగెల మీద నడపడం అసలు సాధ్యమే కాదా? సాధ్యమే. 1990లలో ఐఎస్‌డీఎన్ అనే టెలిఫోను పద్ధతిలో ఒక ఇంటికి సెకనుకు 64 కిలోబిట్ల కాలువలు రెండు వచ్చేవి. రెండింటినీ కలిపి 128 కిలోబిట్లు వాడుకొనేవారు. అలా కలిపే నియమాలు 1994లో వెలువడ్డాయి, 1996లో సవరించారు. అది అంత చక్కగా కుదరడానికి కారణం ఉంది. రెండు కాలువలూ ఒకే కంపెనీవి, రెండింటి వేగమూ సమానం, రెండూ వెళ్ళి చేరేది ఒకే చోటికి. విడదీసేవాడు ఈ చివర, కలిపేవాడు ఆ చివర.

మన ఇళ్ళ సంగతి అలా కాదు. ఒకటి ఫైబరు, ఇంకొకటి ఫోను సిమ్ము కావచ్చు. ఒకటి 40, ఇంకొకటి 10 మెగాబిట్లు అనుకొందాం. పొట్లాలను నీకొకటి నాకొకటి అని సమంగా పంచితే ఏమవుతుందో లెక్క వేద్దాం.

ఒక పొట్లం 1500 బైట్లు, అంటే 12,000 బిట్లు. 100 పొట్లాలు పంపాలి, చెరి 50. పది మెగాబిట్ల తీగె 50 పొట్లాలను, అంటే 6,00,000 బిట్లను పంపడానికి 60 మిల్లీసెకన్లు తీసుకొంటుంది. 40 మెగాబిట్ల తీగె తన వాటా 15 మిల్లీసెకన్లలో ముగించి, మిగతా 45 మిల్లీసెకన్లు చేతులు ముడుచుకు కూర్చుంటుంది. మొత్తం 12,00,000 బిట్లకు 60 మిల్లీసెకన్లు పట్టింది, అంటే సెకనుకు 20 మెగాబిట్లు! రెండు కలిపితే, ఒక్కటి విడిగా ఇచ్చేదానిలో సగమైంది. గుర్రాన్నీ గేదెనూ ఒకే కాడికి కడితే బండి గేదె నడకే నడుస్తుంది.

పంపకాన్ని 80, 20గా మారిస్తే రెండు తీగెలూ సరిగ్గా 24 మిల్లీసెకన్లలో పని ముగిస్తాయి, 50 మెగాబిట్లు వస్తుంది. ఈ లెక్క మీరే చేసి చూసుకోండి. అయితే ఫోను వేగం నిలకడగా ఉండదు. సాయంత్రం వీధిలోని జనమంతా ఫోన్లు తీస్తే 10 కాస్తా 4 కావచ్చు. కాబట్టి ఆ 80, 20 నిష్పత్తిని యంత్రం క్షణక్షణమూ సరిచేసుకొంటూ ఉండాలి.

వేగంతో తీరలేదు, ఆలస్యం కూడా ఉంది. ఫైబరు మీద పొట్లం చేరడానికి 10 మిల్లీసెకన్లు, ఫోను మీద 60 మిల్లీసెకన్లు పడుతుందనుకోండి. 40 మెగాబిట్ల వేగంలో ఒక పొట్లానికి 0.3 మిల్లీసెకను చాలు. 50 మిల్లీసెకన్ల తేడాను 0.3తో భాగిస్తే సుమారు 166. అంటే ఫోను మీద బయల్దేరిన ఒక్క పొట్లం చేరేలోగా దాని తర్వాతివి 166 వచ్చి గుమ్మంలో పడతాయి. అందుకొనేవాడికి 1వ పేజీ రాలేదు, 2 నుంచి 167 దాకా వచ్చేశాయి. వాడు పదేపదే “నాకు 1వ పేజీ అందలేదు” అని కార్డులు రాస్తాడు. ఒకే కార్డు మళ్ళీ మళ్ళీ మూడుసార్లు వస్తే టీసీపీ “దారిలో పొట్లం పోయింది, రద్దీ ఎక్కువైనట్టుంది” అని తీర్మానించుకొని వేగం బాగా తగ్గించేస్తుంది. నిజానికి పొట్లం పోలేదు, నెమ్మదిగా వస్తోంది, అంతే!

టీసీపీకి ఇంత పిరికితనం ఊరికే రాలేదు. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకూ బర్కిలీ విశ్వవిద్యాలయానికీ మధ్య ఉన్న 400 గజాల దూరంలో సమాచార వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. రద్దీలో పొట్లాలు పోవడం, పోయినవాటిని అందరూ మళ్ళీ పంపడం, దానితో రద్దీ ఇంకా పెరగడం! వాన్ జాకబ్సన్ దీన్ని పరిశోధించి, పొట్లం పోయిందని తోచగానే వేగం తగ్గించుకోవాలనే పద్ధతిని 1988లో ప్రకటించాడు. ఇంటర్నెట్టు ఇవాళ కుప్పకూలకుండా నడుస్తోందంటే ఆ పిరికితనమే కారణం.

రెండు దారులకూ సరిపడేలా టీసీపీనే మార్చారు తర్వాతి తరం వాళ్ళు. దాని పేరు మల్టీపాత్ టీసీపీ. ప్రతి కవరు మీదా రెండు సంఖ్యలుంటాయి. ఈ దారిలో ఇది ఎన్నోది అన్నది ఒకటి, మొత్తం పుస్తకంలో ఎన్నో పేజీ అన్నది రెండోది. మొదటి సంఖ్యతో ఏ దారి రద్దీని ఆ దారిలో కొలుస్తారు, రెండో సంఖ్యతో పేజీలు పేరుస్తారు. 2013లో దీని నియమాలు ప్రయోగాత్మకంగా వెలువడ్డాయి, 2020లో స్థిరపడ్డాయి. యాపిల్ కంపెనీ 2013లోనే తన ఫోన్లలో మాట విని జవాబిచ్చే ‘సిరి’కి దీన్ని వాడింది. మాట్లాడుతూ గేటు దాటి బయటికి నడిస్తే వైఫై అందదు. అయినా సంభాషణ తెగకుండా మొబైలు దారిలో సాగుతుంది.

ఇంత మంచి ఏర్పాటు ఉండగా మన ఇంట్లో ఎందుకు లేదు? అవతలి సర్వరుకూ ఈ పద్ధతి తెలిసి ఉండాలి గనక. చాలా సర్వర్లకు తెలియదు. అందుకని కొందరు మధ్యవర్తిని పెట్టుకొంటారు. ఎక్కడో పెద్ద కేంద్రంలో ఒక కంప్యూటరును అద్దెకు తీసుకొంటారు. ఇంటి రూటరు పొట్లాలను రెండు దారుల్లో దానికి పంపుతుంది. అది వరుసలో పేర్చి, తన ఒక్క చిరునామాతో లోకానికి పంపుతుంది. అప్పుడు ఒక్క ఫైలుకు కూడా రెండు వేగాల మొత్తానికి దగ్గరగా వస్తుంది. అయితే నెలనెలా అద్దె కట్టాలి, చుట్టుదారి కాబట్టి ఆలస్యం పెరుగుతుంది, మన ఉత్తరాలన్నీ ఆ మధ్యవర్తి చేతుల మీదుగా పోతాయి. టీవీ వార్తల వాళ్ళకు ఇది కావాలి. మామూలు ఇంటికి ఇంత హంగామా అనవసరమని నా అభిప్రాయం.

ఒక తీగె తెగితే

అసలు ఆ ఇంట్లో మొదటి ఫిర్యాదు ఏమిటి? అక్క క్లాసు ఆగిపోతోందని. వేగం చాలకపోవడం కాదు. వీడియో క్లాసుకు సెకనుకు నాలుగైదు మెగాబిట్లు ధారాళంగా సరిపోతుంది. 40 ఉన్నవాడికి 80 ఎందుకు? కావలసింది తెగకుండా ఉండటం. రెండో కనెక్షను విలువ అక్కడుంది.

ఒక తీగె వంద గంటల్లో ఒక గంట పనిచెయ్యదనుకొందాం. నెలకు 720 గంటలు కాబట్టి 7 గంటల 12 నిమిషాలు చీకటి. రెండో తీగె కూడా అలాంటిదే అయితే, రెండూ ఒకేసారి పోయే సంభావ్యత నూటికి ఒకటిని నూటికి ఒకటితో హెచ్చిస్తే వస్తుంది. పదివేలకు ఒకటి. నెలకు సుమారు 4 నిమిషాల 19 సెకన్లు! వేగం రెట్టింపు కాలేదని బాధపడ్డవాడికి ఇక్కడ వంద రెట్ల లాభం వచ్చింది.

సంభావ్యత పాఠం చదివినవాళ్ళు ఈపాటికి నన్ను పట్టుకొని ఉండాలి. ఇలా హెచ్చించాలంటే రెండు ఘటనలూ స్వతంత్రమైనవి కావాలి. ఒకటి పోవడానికీ ఇంకొకటి పోవడానికీ సంబంధం ఉండకూడదు. కంపెనీలు రెండైనంత మాత్రాన దారులు రెండు కావు. మన రాష్ట్రాల్లో ఫైబరు తీగెలు చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే పోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు, చెట్లు, తీగెలు అన్నీ కలిసి కూలాయి. ఫోన్లూ మూగపోయాయి. అలాంటప్పుడు హెచ్చవేత లెక్క చెల్లదు. అంత దూరం ఎందుకు? ఇంట్లో కరెంటు పోయి రూటరు ఆరిపోతే తీగెలు రెండున్నా పదున్నా ఒకటే. దానికొక చిన్న బ్యాటరీ పెట్టేదాకా లెక్కంతా కాగితం మీదే.

తీగె తెగిందని రూటరుకు ఎలా తెలుస్తుంది? పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతున్నంత మాత్రాన దారి బాగున్నట్టు కాదు. మీ ఇంటికీ కంపెనీ కేంద్రానికీ మధ్య బాగానే ఉండి, అవతల ఎక్కడో తెగి ఉండవచ్చు. కాబట్టి రూటరు దూరాన ఉన్న ఒక చిరునామాకు కొన్ని సెకన్లకొకసారి “ఉన్నావా?” అని చిన్న పొట్లం పంపుతుంది. ఒక్కసారి జవాబు రానంత మాత్రాన కంగారుపడదు. ప్రతి 5 సెకన్లకు ఒకసారి అడిగి, వరుసగా మూడుసార్లు జవాబు రాకపోతే ఆ దారి పోయిందని తేల్చుకొని, అంతా రెండో గుమ్మానికి మళ్ళించేలా పెట్టుకోవచ్చు. చిరునామా మారుతుంది కాబట్టి అప్పటిదాకా నడుస్తున్న సంభాషణలు తెగుతాయి. క్లాసు ప్రోగ్రాము మళ్ళీ కొత్తగా పిలుచుకోవాలి.

మర్నాడు ఆ కుర్రాణ్ణి పిలిచి ఇదంతా చెప్పి ఒక పని అప్పగించాను. “ఇంటి గోడ దగ్గర నిలబడి, రెండు తీగెలూ ఎటు పోతున్నాయో కంటితో చూస్తూ వీధి చివరి దాకా నడిచి రా” అన్నాను. వచ్చి చెప్పాడు: “రెండూ మా సందు మొగలో ఒకే స్తంభానికి, ఒకే కొక్కేనికి వేలాడుతున్నాయండీ మాస్టారూ.”

తర్వాతి నెల వాళ్ళ నాన్నగారు రెండో తీగె మానిపించి, దాని బదులు సిమ్ము పెట్టుకొనే చిన్న పరికరం తగిలించారు. వేగం దాంట్లో 10 కూడా దాటదట. మావాడు ఊరుకోలేదు. అక్క క్లాసు నడుస్తుండగా కావాలనే ఫైబరు తీగె ఊడబీకి గడియారం చూశాడు. అక్క చేత రెండు తిట్లు తిని, బొమ్మ మళ్ళీ కదలడానికి 17 సెకన్లు పట్టిందని పుస్తకంలో రాసుకొచ్చాడు. “ఆ 17 ఎక్కడి నుంచి వచ్చింది మాస్టారూ?” అన్నది ఇప్పుడు అతడి కొత్త ప్రశ్న. పై పేరాలోని అంకెలు చూసి మీరే ప్రయత్నించండి.